ఒక మెషీను ఎంతమందితో మాట్లాడగలదు?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "అందరూ బడి జ్ఞాపకాలే చెబుతున్నారు, నువ్వైనా నీ పని గురించి చెప్పు. కానీ అర్థమయ్యేలా చెప్పాలి" అన్నారు. మొదటి షరతు సులువే, రెండోదే కష్టం. నేను చేసే పనేమిటో ఇన్నేళ్లలో మా అమ్మకే సరిగ్గా చెప్పలేకపోయాను. "ఏదో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చేస్తాడు" అని ఆవిడ చుట్టాలకి చెబుతుంది. అందులో తప్పేమీ లేదు. కాకపోతే నా ఉద్యోగంలో ఎక్కువ భాగం మాట్లాడించడం కాదు, ఆపించడం. ఒక మెషీను ఒకేసారి ఎంతమందితో మాట్లాడొచ్చు, హద్దు దాటితే ఎవరిని పంపించెయ్యాలి అన్నదే నా తిండి పెట్టిన ప్రశ్న. ఇవాళ దాని గురించే చెబుతాను. అయినా బడి జ్ఞాపకం లేకుండా మొదలుపెట్టలేను, ఎందుకంటే ఈ విషయం నేను మొదట చూసింది ఇక్కడే.

మా పదో తరగతి వాళ్లకి గుర్తుండే ఉంటుంది. పబ్లిక్ పరీక్షలకి మూడు వారాలుందనగా లెక్కల మాస్టారు ముఖ్యమైన లెక్కలన్నీ చేసిన తన నోట్సు మాకిచ్చారు. నలభై పేజీలు. మేం అరవై మందిమి. జెరాక్స్ తీయించాలంటే తణుకు బస్సెక్కాలి, అంత డబ్బు ఎవరి దగ్గరా లేదు. ఒకరి తర్వాత ఒకరు రాత్రికి ఇంటికి తీసుకెళ్లి రాసుకుంటే అరవై రాత్రులు పడుతుంది. అప్పటికి పరీక్షలైపోయి ఫలితాలు కూడా వచ్చేస్తాయి. అప్పుడు మాలో ఎవరో, నేను మాత్రం కాదు, మాస్టారి అనుమతితో ఆ నోట్సు కుట్టిన దారం విప్పారు. కాగితాలు విడదీసి పంచారు. ఎవడి కాగితం వాడు రాసుకుని, పక్కవాడి దగ్గరున్నదానితో మార్చుకోవడమే. రాసిన ప్రతి కూడా అసలులాగే ఇంకొకరికి పనికొస్తుంది కాబట్టి రోజు గడిచేకొద్దీ కాగితాలు పెరిగాయి. వారంలో దాదాపు అందరి దగ్గరా పూర్తి నోట్సు ఉంది.

దీన్నే ఈ రోజుల్లో పీర్ టు పీర్ అంటారు. తోటివాళ్ల మధ్య పంపకం. మధ్యలో పెద్ద సర్వర్ ఉండదు, ప్రతి మెషీనూ ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇస్తుంది. 2001లో బ్రామ్ కోహెన్ అనే ప్రోగ్రామరు బిట్‌టొరెంట్ రాసినప్పుడు చేసింది ఇదే. ఫైలుని ముక్కలు చేసి, ముక్కలు మార్చుకోమన్నాడు. అందరికంటే తక్కువమంది దగ్గరున్న ముక్కని ముందు తెచ్చుకోమన్నాడు. మేం కూడా జామెట్రీ సిద్ధాంతమున్న కాగితం ఒక్కడి దగ్గరే మిగిలిందని తెలిసి, వాడికి జ్వరం వచ్చేలోపు రాసుకోవాలని వాడింటి అరుగు మీద గుంపుగా చేరాం.

"దాదాపు అందరి దగ్గరా" అన్నాను కదా. ఒకడి దగ్గర లేదు. వాడు నెమ్మదిగా రాసేవాడు. చేతిరాత ముత్యాల్లా ఉండేది గానీ, మేం రెండు కాగితాలు రాసే వేళకి వాడిది ఒకటి అయ్యేది కాదు. వాడికి కాగితమిస్తే అది ఇరుక్కుపోయినట్టే. నా దగ్గరికొచ్చి అడిగితే, "నువ్వు తిరిగిచ్చేసరికి తెల్లారిపోద్ది, ఇంకెవరినైనా అడుగు" అన్నాను. ఆ మాట ఇరవై మూడేళ్ల తర్వాత నాకు మళ్లీ గుర్తొచ్చింది. ఎందుకో చెబుతాను. దానికి ముందు, ఒక కనెక్షన్‌కి ఖరీదెంతో చెప్పాలి.

మొదట్లో ఈ రంగంలో చాలామంది అనుకున్నది, ఎంతమందితో కలిసి ఉంటే అంత మంచిదని. 1999లో నాప్‌స్టర్ వచ్చింది. పాటలు జనం కంప్యూటర్లలోనే ఉండేవి గానీ, ఏ పాట ఎక్కడుందో చెప్పే జాబితా మాత్రం కంపెనీ సర్వర్లలో ఉండేది. ఆ జాబితా ఉండబట్టే కోర్టు కేసులో దొరికిపోయింది. 2000 మార్చిలో గ్నుటెల్లా వచ్చింది. నల్‌సాఫ్ట్ అనే చిన్న కంపెనీలో జస్టిన్ ఫ్రాంకెల్, టామ్ పెప్పర్ రాశారు. ఆ కంపెనీని కొనుక్కున్న ఏఓఎల్ వాళ్లు మర్నాటికల్లా దాన్ని తీసేయించారు గానీ, అప్పటికే బయటికి పాకిపోయింది. గ్నుటెల్లాలో జాబితాయే లేదు. నీకు ఒక పాట కావాలంటే, నీతో కనెక్టయి ఉన్న ప్రతి మెషీన్నీ అడుగుతావు. అవి తమతో ఉన్న ప్రతిదాన్నీ అడుగుతాయి. ఇలా ఏడడుగులు నడిచాక ప్రశ్న ఆగిపోతుంది. మనకి ఏడడుగులతో బంధం మొదలవుతుంది, వాళ్లకి ముగుస్తుంది.

ఇక్కడ లెక్కల మాస్టారికి నచ్చే లెక్క ఒకటుంది. ఒక్కో మెషీనుకి నాలుగు కనెక్షన్లు ఉన్నాయనుకోండి. మొదటి అడుగులో 4, రెండో అడుగులో ఒక్కొక్కరి నుంచి మూడేసి చొప్పున 12, తర్వాత 36, అలా ఏడో అడుగు దాకా కూడితే 4,372. దారులు ఒకదానితో ఒకటి కలవకపోతే ఒక ప్రశ్నకి అన్ని సందేశాలు. సరే, కనెక్షన్లు రెట్టింపు చేద్దాం, ఎనిమిది. సందేశాలు రెట్టింపవుతాయా? కూడి చూడండి, 10,98,056 వస్తుంది. నాలుగు వేలు పదకొండు లక్షలయింది. ఫోను లైను మీద మోడెమ్ పెట్టుకున్నవాడు ఆ వరదలో తన సొంత ప్రశ్నే పంపుకోలేడు. 2000 వేసవిలో నాప్‌స్టర్ మూతపడుతుందేమోనని జనం గ్నుటెల్లా మీద పడినప్పుడు జరిగింది అదే, నెట్‌వర్క్ చతికిలపడింది. తర్వాత బలమైన మెషీన్లు ఎక్కువ కనెక్షన్లు మోయాలి, బలహీనమైనవి వాటికి ఆకుల్లా వేలాడాలి అనే ఏర్పాటుతో కొంత తేరుకుంది. అది వేరే కథ.

సందేశాలు పెరగడం ఒక ఖర్చు. ఇంకోటుంది, అది కంటికి కనపడదు. ఊరికే కూర్చున్న కనెక్షన్ కూడా మెమరీ తింటుంది. అవతలివాడు పంపింది మనం చదివేదాకా పెట్టుకోవడానికి ఒక గిన్నె, మనం పంపేది అవతలివాడు అందుకునేదాకా పెట్టుకోవడానికి ఇంకో గిన్నె కావాలి. వాటిని బఫర్లంటాం. ఆపరేటింగ్ సిస్టమ్ ఒక జత పెడుతుంది, పైన ప్రోగ్రాము తనదొక జత పెట్టుకుంటుంది. ఉదాహరణకి బిట్‌కాయిన్ కోర్ అనే ప్రోగ్రాము తీసుకుందాం. బిట్‌కాయిన్ కొనొచ్చా అని భోజనాల దగ్గర నన్నడగకండి, నేను చెప్పేది ఆ ప్రోగ్రాము రాసినవాళ్ల పనితనం గురించే. అందులో ఒక్కో కనెక్షన్‌కి అందుకునే గిన్నె 50 లక్షల బైట్ల దాకా, పంపే గిన్నె 10 లక్షల బైట్ల దాకా పెరగొచ్చు. మొత్తం కనెక్షన్లు 125 దాటకూడదని మామూలుగా పెట్టిన హద్దు. గుణించండి, గిన్నెలన్నీ నిండితే 75 కోట్ల బైట్లు. ఒక గిగాబైటు మెమరీ ఉన్న చిన్న పెట్టెలో మిగతా పనులకి చోటెక్కడ? రోజూ అన్నీ నిండవు, నిజమే. కానీ పెళ్లికి పిలిచినవాళ్లంతా ఒకే బంతికి రారని ధైర్యం చెప్పుకుని వంట చేసినవాడి గతేమిటో మనకి తెలుసు.

మెమరీ కాక ఇంకో రెండు హద్దులున్నాయి, అవి మనం పెట్టినవి కావు. లినక్స్‌లో ఒక ప్రోగ్రాము ఒకేసారి తెరవగలిగినవి మామూలుగా 1,024. ఇందులో కనెక్షన్లు, డిస్కు మీద ఫైళ్లు అన్నీ కలిపే లెక్క. రెండోది ఇంట్లో ఉండే రౌటర్. ఇంటిలోపల ఎవరు బయట ఎవరితో మాట్లాడుతున్నారో అది ఒక పట్టిక రాసుకుంటుంది. చవక రౌటర్లలో ఆ పట్టిక చిన్నది. పైగా ఎవరూ మాట్లాడని కనెక్షన్‌ని కూడా అది రెండు గంటల పైచిలుకు గుర్తుపెట్టుకోవాలని ప్రమాణాలు చెబుతాయి. ఇంట్లో పిల్లాడు టొరెంట్ పెట్టగానే వాళ్ల నాన్నకి బ్యాంకు సైటు కూడా రాకపోవడానికి చాలాసార్లు కారణం స్పీడు కాదు, ఈ పట్టిక నిండిపోవడం.

ఇప్పుడు నా కథ. 2008లో నేను పనిచేస్తున్న సంస్థకి ఒక పని వచ్చింది. జిల్లాల్లో ఉన్న కాలేజీ ల్యాబులకి రోజూ పాఠాల వీడియోలు చేరవెయ్యాలి. రాత్రిపూట పంపాలి, పొద్దున్న క్లాసుకి ఉండాలి. సెంట్రల్ సర్వర్ నుంచి అందరికీ విడివిడిగా పంపితే ఆ లైను ఖరీదు భరించలేం. మన నోట్సు పద్ధతే పెట్టాం. ప్రతి కేంద్రంలో ఒక మెషీను ముక్కలు తీసుకుంటుంది, తోటి కేంద్రాలకి ఇస్తుంది. ఆ పంపకం ప్రోగ్రాము రాసింది నేను, నాతోపాటు ఇద్దరు కుర్రాళ్లు.

మొదటి నెలలో వరసగా మెషీన్లు పడిపోయాయి. రెండు తప్పులు, రెండూ నావే. ఎవరైనా ఒక ముక్క అడిగితే, ఒక మెగాబైటు ముక్కని డిస్కు నుంచి చదివి ఆ కనెక్షన్‌కే సొంతంగా ఒక ప్రతి తీసిపెట్టేవాణ్ణి. ముందుచూపుతో నాలుగు ముక్కలు. అంటే కనెక్షన్‌కి నాలుగు మెగాబైట్లు, వంద కనెక్షన్లకి నాలుగు వందలు. ఆ మెషీన్లలో మెమరీయే 512. వందమందీ అదే వీడియోలో అదే ముక్క అడుగుతుంటే వంద ప్రతులు పెట్టుకోవడం ఎంత తెలివితక్కువతనమో చూడండి. ఒక్క ప్రతి పెట్టుకుని, దాన్ని ఎంతమంది వాడుతున్నారో లెక్క రాసుకుని, లెక్క సున్నా అయ్యాక పారేస్తే చాలు. బడి లైబ్రరీ బీరువాలో ఒక అట్లాసు ఉండేది, అందరం దాన్నే చూశాం కదా. ఆ మార్పుతో మెమరీ పదోవంతుకి దిగింది.

రెండో తప్పు కరెంటుతో వచ్చింది. అప్పట్లో జిల్లాల్లో కోతలెలా ఉండేవో చెప్పక్కర్లేదు. కరెంటు పోతే అవతలి మెషీను "వెళ్లొస్తాను" అని చెప్పదు, మాయమవుతుంది. మన వైపు ఆ కనెక్షన్ తెరిచే ఉంటుంది. ఉన్నాడా అని తట్టి చూడమని మనం చెప్పకపోతే టీసీపీ అలా రోజుల తరబడి ఎదురుచూస్తుంది. చెప్పినా, లినక్స్ మామూలు లెక్కలో రెండు గంటల మౌనం తర్వాతే తడుతుంది. కరెంటు వచ్చాక అదే మెషీను కొత్తగా కనెక్టవుతుంది. పాతదీ ఉంటుంది, కొత్తదీ ఉంటుంది. టీసీ తీసుకుని వెళ్లిపోయినవాళ్ల పేర్లు కొట్టెయ్యకుండా ఉంచిన హాజరు పట్టీలా తయారైంది నా జాబితా. వారానికల్లా ఆ 1,024 నిండిపోయేవి. విచిత్రం ఏమిటంటే, ఏం జరిగిందో రాసుకునే లాగ్ ఫైలు అర్ధరాత్రి కొత్తది తెరవాలి. తెరవడానికి చోటు లేదు. అందుకని సరిగ్గా తప్పు జరిగిన రాత్రి గురించి మా దగ్గర ఒక్క అక్షరం ఉండేది కాదు. పది రోజులు తల పట్టుకున్నాం. చివరికి బిట్‌టొరెంట్‌లో ఉన్నట్టే రెండు నిమిషాలకోసారి "ఉన్నాను" అని చెప్పే నియమం పెట్టి, చెప్పనివాళ్లని తీసేశాం.

ఇక మూడోది. దీన్ని తప్పు అని నేను చాలాకాలం అనుకోలేదు. కనెక్షన్లకి హద్దు పెట్టాం, అరవై. నిండాక కొత్తవాడు వస్తే ఎవరినో ఒకరిని పంపాలి. ఎవరిని? నేను మూడు లైన్ల కోడ్ రాశాను. అందరిలోకీ నెమ్మదైనవాణ్ణి.

దీనికి తర్కం ఉంది. 64 కిలోబిట్ల లైను మీద ఒక మెగాబైటు ముక్క వెళ్లడానికి రెండు నిమిషాలకి పైనే పడుతుంది. రెండు మెగాబిట్ల లైను మీద నాలుగు సెకన్లు. అంటే నెమ్మదైనవాడు నా చోటుని ముప్ఫై రెట్లు ఎక్కువసేపు పట్టుకుని కూర్చుంటాడు. వాణ్ణి లేపితే ఆ చోటులో ముప్ఫైమందికి పెట్టొచ్చు. గ్రాఫులు అద్భుతంగా వచ్చాయి. సగటు పూర్తి సమయం తెల్లవారుజామున నాలుగున్నర నుంచి మూడుకి వచ్చింది. మీటింగులో చప్పట్లు కొట్టారు.

రెండు నెలల తర్వాత ఒక చిన్న ఊరి కాలేజీ నుంచి ల్యాబ్ అసిస్టెంటు ఫోన్ చేశాడు. "సార్, మాకు వీడియో తొంభై శాతం దగ్గర ఆగిపోతోందండి. వారం నుంచి ఒక్కటీ పూర్తవలేదు. పిల్లలు వచ్చి కూర్చుని వెళ్లిపోతున్నారు" అన్నాడు. మీ లైను బాలేదని చెప్పి పెట్టేద్దామనుకున్నాను. అది నిజం కూడా. కానీ అతను, "మా లైను ఎప్పుడూ ఇంతేనండి. రెండు నెలల క్రితం దాకా ఆలస్యంగానైనా వచ్చేది" అన్నాడు. అప్పుడు లాగ్ తీసి చూశాను. ఆ కేంద్రాన్ని ఒక్క రాత్రిలో మా మెషీన్లు నూటికి పైగా సార్లు తోసేశాయి. ఇంకా వెతికితే, రోజూ తోసివేతల్లో ఎక్కువ భాగం అవే పదిహేను కేంద్రాలవి. అన్నీ లైను చివర ఉన్న ఊళ్లే.

ఎందుకలా అయిందో ఇంజనీరింగ్ భాషలో చెబుతాను, ఎందుకంటే దురదృష్టం అని సరిపెట్టుకునే విషయం కాదిది. టీసీపీ కనెక్షన్ ఎప్పుడూ నెమ్మదిగా మొదలవుతుంది. కొద్దిగా పంపి, అందిందని జవాబొస్తే రెట్టింపు పంపుతుంది, మళ్లీ జవాబొస్తే మళ్లీ రెట్టింపు. దారి దూరమైతే జవాబు ఆలస్యం, పుంజుకోవడమూ ఆలస్యం. నా కోడ్ ఐదు సెకన్లకోసారి కొలిచేది. లేచి నిలబడుతుండగానే కొలిచి, నెమ్మది అని తీర్పు చెప్పి తోసేసేది. వాడు మళ్లీ కనెక్టవ్వాలి, ఏ ముక్కలున్నాయో మళ్లీ చెప్పాలి, సగం అందిన ముక్క పోయింది కాబట్టి మొదట్నుంచి తెచ్చుకోవాలి. అంటే వాడు నెమ్మదిగా ఉన్నాడని తోశాను, తోయడం వల్ల ఇంకా నెమ్మదయ్యాడు, అందుకని మళ్లీ తోశాను. నా గ్రాఫు సగటుది. ఎప్పటికీ పూర్తి కానివాడికి పూర్తి సమయమే ఉండదు కాబట్టి వాడు ఆ సగటులో లెక్కకే రాలేదు. గ్రాఫు బాగుండటానికి అది కూడా ఒక కారణం.

ఆ లాగ్ చూస్తుంటేనే "నువ్వు తిరిగిచ్చేసరికి తెల్లారిపోద్ది" అన్న నా మాట గుర్తొచ్చింది. పదో తరగతిలో అన్నదాన్నే మూడు లైన్ల కోడుగా రాసి ఒక్కో రాత్రి వేల సార్లు నడిపిస్తున్నాను.

ఈ ప్రశ్న నాకంటే ముందు పడ్డవాళ్లు ఏం చేశారో అప్పుడు శ్రద్ధగా చదివాను. ముందే చదవాల్సింది. బిట్‌టొరెంట్‌లో కనెక్టయి ఉండటం వేరు, వడ్డించడం వేరు. యాభైమందితో కనెక్టయి ఉన్నా, ఒక సమయంలో నలుగురైదుగురికే ముక్కలు ఇస్తుంది. మిగతావాళ్లని చోక్ చేసి ఉంచుతుంది. చోక్ అంటే పీక నొక్కడం, పేరు మొరటుగా ఉంది గానీ పద్ధతి మర్యాదైనదే. పంక్తిలో కూర్చోబెట్టి, వడ్డన ఇంకా రాలేదు, ఉండండి అనడం. అలా కూర్చున్నవాడికి మెమరీ దాదాపు అక్కర్లేదు, ఎందుకంటే వాడికోసం గిన్నెలో ఏమీ తీసిపెట్టలేదు. పది సెకన్లకోసారి మళ్లీ లెక్క చూస్తుంది. తనకి బాగా ఇస్తున్నవాళ్లకే ఇస్తుంది, అక్కడ జాలి లేదు. కానీ ఒక విస్తరి మాత్రం లెక్కతో సంబంధం లేకుండా వేస్తుంది. ముప్ఫై సెకన్లకోసారి ఎవరో ఒకరిని వంతుల ప్రకారం ఎంచుకుని, వాడు ఏమిచ్చాడని అడక్కుండా ఇస్తుంది. 2003లో కోహెన్ రాసిన పేపరులో ఇది దయ అని చెప్పలేదు. ఇలా చెయ్యకపోతే ఇప్పుడున్నవాళ్లకంటే మంచివాళ్లు బయట ఉన్నా ఎప్పటికీ తెలియదని చెప్పాడు. కొత్తగా వచ్చి, ఇవ్వడానికి ఏమీ లేనివాడికి మొదటి ముక్క దొరికేది కూడా ఆ విస్తట్లోనే.

ఐపీఎఫ్‌ఎస్ అనే ఇంకో వ్యవస్థ వాళ్లు తర్వాత రోజుల్లో చేసింది నాకు నచ్చుతుంది. హద్దు ఒకటి కాదు, రెండు పెట్టారు. మేడ మీద నీళ్ల ట్యాంకులో పైన ఒకటి, కింద ఒకటి గుర్తులుంటాయి చూడండి, అలా. పై గుర్తు దాటితే కింది గుర్తు దాకా తగ్గిస్తారు, ఒక్కొక్కరిని రానిచ్చి ఒక్కొక్కరిని తొయ్యరు. కొత్తగా వచ్చినవాణ్ణి ఇరవై సెకన్ల దాకా ముట్టుకోరు. మొదట ఆ గుర్తులు 600, 900 ఉండేవి. ఇళ్లలో రౌటర్లు మొరాయించడం చూశాక 32, 96కి దించారు.

అందరికంటే వివరంగా ఆలోచించింది బిట్‌కాయిన్ వాళ్లే. వాళ్ల భయం వేరు. 2015లో బోస్టన్ యూనివర్సిటీ, జెరూసలేంలోని హీబ్రూ యూనివర్సిటీ పరిశోధకులు ఒక దాడిని వివరించారు. నీ కనెక్షన్లన్నీ ఒకే దుర్మార్గుడు ఆక్రమిస్తే, వాడు చూపించిందే నీకు లోకం. గ్రహణం అని పేరు పెట్టారు. హద్దున్న చోట ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, కుర్చీలు లెక్క ప్రకారమే ఉన్నప్పుడు అన్నీ పట్టేయడం సులువు. అందుకని 125లో కొన్ని కనెక్షన్లు తానే వెతుక్కుని పెట్టుకుంటుంది, బయటనుంచి వచ్చినవాడికి ఆ కుర్చీలు దొరకవు. మిగిలినవి నిండినప్పుడు ఎవరిని పంపాలో ఒక్క కొలతతో తేల్చదు. జవాబు త్వరగా ఇచ్చేవాళ్లు ఎనిమిదిమందిని పక్కన పెడుతుంది, వాళ్లని తొయ్యకూడదు. ఈమధ్య కొత్త సమాచారం తెచ్చినవాళ్లు కొందరిని, వేర్వేరు నెట్‌వర్కుల నుంచి వచ్చినవాళ్లు కొందరిని అలాగే కాపాడుతుంది. మిగిలినవాళ్లలో సగంమందిని, ఎంతకాలంగా ఉన్నారన్నది చూసి ఉంచుతుంది. ఇంకా మిగిలినవాళ్లలో ఏ ఒక్క నెట్‌వర్కు నుంచి ఎక్కువమంది వచ్చారో చూసి, ఆ గుంపులో చివర వచ్చినవాణ్ణి పంపుతుంది. దుర్మార్గుడు అన్ని కొలతల్లోనూ ఒకేసారి ముందుండలేడని నమ్మకం.

ఇంత జాగ్రత్తగా రాసినదాంట్లోనూ నాకెదురైన సమస్యే వాళ్లకీ ఎదురైంది. టోర్ అనే దారిలో వచ్చేవాళ్ల సమాచారం మధ్యలో చాలా మెషీన్లు దాటి వస్తుంది, కాబట్టి జవాబు ఎప్పుడూ ఆలస్యమే. త్వరగా జవాబిచ్చేవాళ్లని కాపాడే నియమం ఉన్నంతకాలం వాళ్లకి నష్టమే. 2021లో వచ్చిన 22వ వెర్షన్‌లో దాన్ని సరిదిద్దారు. చివర్లో కాపాడే ఆ సగంలో సగం దాకా, అంటే మిగిలినవాళ్లలో పావువంతు దాకా, ఇలాంటి దారుల్లో వచ్చినవాళ్లకి కేటాయించారు. వాళ్ల కోడులో పక్కనే కారణం కూడా రాసి ఉంటుంది, మన మిగతా కొలతల్లో వీళ్లు వెనకబడతారు కాబట్టి అని. అది చదివినప్పుడు, పదమూడేళ్ల ముందు నేను కూడా ఒక లైను కారణం రాసి ఉండాల్సింది అనిపించింది.

మేం చేసినదేమిటంటే, మొదట ఆ మూడు లైన్లు తీసేశాం. కనెక్షన్లు అరవైకే ఉంచి, వడ్డన ఏడుగురికి పెట్టాం. అందులో రెండు చోట్లు స్పీడుతో సంబంధం లేకుండా, పూర్తికి దగ్గరగా వచ్చి ఎక్కువసేపటి నుంచి ఆగిపోయినవాళ్లవి. కొత్తగా వచ్చినవాణ్ణి రెండు నిమిషాల దాకా కొలవకూడదు. మెమరీకి హద్దు మనిషికింత అని కాకుండా మొత్తానికి ఇంత అని పెట్టాం, 64 మెగాబైట్లు. అది నిండితే ఎవరినీ తొయ్యం, కొత్త ముక్క చదవడం ఆపుతాం. నెమ్మదైనవాడికోసం ముందుగా నాలుగు ముక్కలు తీసిపెట్టడం మానేసి, వాడు అడిగాక, అది కూడా ముక్కలో చిన్న తునకే, 16 కిలోబైట్లు, ఇస్తాం. అప్పుడు వాడు ఎంతసేపు కూర్చున్నా నా చోటు పెద్దగా పోదు. అసలు తిరకాసు అక్కడుంది. వాడు నెమ్మదిగా ఉండటం నాకు భారం కాలేదు, వాడికోసం నేను ముందే వడ్డించి పెట్టుకోవడమే భారమైంది.

దీనికి ఖరీదు లేదని చెప్పను. సగటు మూడు నుంచి మూడున్నరకి జారింది. మేనేజరు అడిగారు, బాగున్నదాన్ని ఎందుకు పాడుచేశావని. సగటు గీత పక్కన ఇంకో గీత గీసి చూపించాను, అందరికంటే చివర పూర్తిచేసిన కేంద్రం ఏ సమయానికి పూర్తిచేసింది అని. అంతకుముందు ఆ గీతే లేదు, ఎందుకంటే దానికి విలువే లేదు. ఇప్పుడు ఉదయం ఏడున్నర. క్లాసు తొమ్మిదికి. ఆయన కాసేపు చూసి, సరే అన్నారు. ఇష్టపడి అన్నారని నేననుకోను. నగరంలోని కేంద్రాల నుంచి "ముందు త్వరగా వచ్చేది" అని ఫిర్యాదులు కూడా వచ్చాయి, వాటికి నేను జవాబు రాసుకున్నాను. ఇప్పుడు చేసినా నేను ఇలాగే చేస్తాను. కానీ పొద్దున్న ఏడున్నరకి బదులు తొమ్మిదిన్నర వచ్చుంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు.

ఆ నెమ్మదిగా రాసేవాడి సంగతి అడుగుతారు. వాణ్ణి మాస్టారు సాయంత్రం ఇంటికి పిలిచి, తన అరుగు మీద లాంతరు దగ్గర కూర్చోబెట్టి, మేం తిరిగిచ్చిన అసలు నోట్సే ఇచ్చారట. నాలుగు సాయంత్రాల్లో రాసుకున్నాడు. ఇదంతా వాడు నిన్న రాత్రి చెబితేనే నాకు తెలిసింది. నేనన్న మాట వాడికి గుర్తులేదట, లేదా లేదన్నాడు.

చివరగా ఒక పని ఉంది. నిన్న కంప్యూటర్ టీచరుగారు ల్యాబు చూపించారు. ఇరవై మెషీన్లు, ఒకటే ఇంటర్నెట్ లైను. ఒకే పాఠం వీడియోని ఇరవై మెషీన్లూ విడివిడిగా తెచ్చుకుంటున్నాయి, మూలనున్న రౌటర్ మధ్యాహ్నానికల్లా బిగుసుకుపోతోంది, దాన్ని ఆపి మళ్లీ వేస్తున్నారు. ఒక్క మెషీను తెచ్చుకుని మిగతావాటికి పంచేలా పెట్టొచ్చు, దానికి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. రేపు పది గంటలకి నేను ల్యాబులో ఉంటాను. తొమ్మిది, పది తరగతుల పిల్లల్లో ఆసక్తి ఉన్నవాళ్లు రండి. రౌటర్ పట్టికలో ఎన్ని వరసలున్నాయో ముందు అది చూద్దాం, ఆ తర్వాతే మిగతాది.